చెంచిత వేషము ఎవరిది?

తిరునాళ్ల రోజులలో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పల్లెలలో పౌరాణిక నాటకము తెల్లవార్లూ సాగడము మనకు కొత్త కాదు. చెంచులక్ష్మి కథ అంటే జనానికి మరింత ఇష్టము. అహోబిలపు నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడు. ఆ చెంచులు నివసించే నల్లమల మనకు పడమటి గోడ. దోర్నాల, యర్రగొండపాలెము చుట్టుపట్ల వారి గూడెములు నేటికీ ఉన్నవి. అయినా చెంచిత వేషము కట్టిన చెంచుపడుచును నేను ఇంతవరకు చూడలేదు. ఈకలు, పూసలు, నవ్వు పుట్టించే ఒక వింత యాస ఉంటే చాలు, చెంచిత అయిపోయినట్లే. 1958 నాటి చలనచిత్రములో ఆ పాత్రను అంజలీదేవి ధరించినారు. ఆమె నటనకు నేను వంక పెట్టను.

ఎవరి వేషము వారే వేయవలెనని నా వాదము కాదు. ఆ నియమమే ఉంటే స్థానం నరసింహారావుగారి సత్యభామ మనకు దక్కేది కాదు. మరాఠీ మూలము గల సురభి కుటుంబములు 1885 నుండి తెలుగు నాటకాన్ని భుజాన మోసి ఉండేవి కావు. నటన అంటేనే పరకాయప్రవేశము. అయితే ఆ ప్రవేశము ఒకవైపు నుండే సాగుతున్నది. మనము చెంచులము కాగలము; చెంచుబిడ్డ కృష్ణుడు కాగలడని మాత్రము మనకు తోచదు.

పూర్వమొకసారి ఒక పాఠశాల వార్షికోత్సవానికి న్యాయనిర్ణేతగా వెళ్ళినాను. గూడెము నుండి వచ్చిన పిల్లవాడొకడు తెరవెనుక రాయబారపు పద్యము తనలో తాను పాడుకుంటున్నాడు. మాట స్పష్టము, రాగము నిర్దోషము. తెర లేచిన తరువాత చూతునుగదా, వాడి చేతిలో విల్లు, నడుముకు వేపమండలు. పలుకు ఒక్కటీ లేదు. నిరుడూ అదే వేషమట. ఉపాధ్యాయుని అడిగితే, “వాడికి అది సహజముగా ఉంటుందండీ” అన్నారు. ఆ మాటలో ద్వేషమేమీ లేదు. అందుకే నాకు మరింత కష్టము తోచినది. ఆనాడు నేనూ నోరు మెదపక మార్కులు వేసి వచ్చినాను.

రచన సంగతీ చూడండి. వినుకొండ మనకు ఎంత దూరము? అక్కడ పుట్టిన జాషువాను కులము పేర అవమానించిన లోకమే, బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకములో కాటిసీను రాగానే ఆయన పద్యముల కోసము చెవులు రిక్కించినది, వన్స్‌మోర్ కొట్టినది. నాటకకర్త కులమేది, పద్యకర్త కులమేది అని ఆ క్షణాన ఎవరికి గుర్తుంటుంది?

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. ఈ ఏడు వేషములు పంచే ముందు మీరు పిల్లలకు వీపు చేసి కూర్చుని, ఒక్కొక్కరి చేత ఒక పద్యము పాడించండి. గొంతు నచ్చిన తరువాతనే పేరు అడగండి. చెంచుల కథే ఆడదలచినచో, వారి మాట ఎట్లుంటుందో గూడెపు పిల్లలనే అడగండి. మనము ఇంతకాలము రంగస్థలము మీద విని నవ్విన యాస వారి ఇండ్లలో ఎవరిదీ కాదు.