కంప్యూటర్ గీసిన గుడిసె ఎవరిది?

వారసత్వం అన్న మాట ఇప్పుడు బిల్డర్ల బ్రోచర్లలోకి ఎక్కింది. ఒక పాత జాలీ కిటికీనో, తోరణాన్నో, గుమ్మటాన్నో కంప్యూటర్‌కు ఇస్తే వెయ్యి రకాలుగా తిప్పి చూపిస్తున్నది. నచ్చినదాన్ని అద్దాల మేడకు తొడిగి ఇదే మన సంస్కృతి, ఇదే మన సాంకేతికత అంటున్నారు. సాంకేతికత మీద మనకు పగ లేదు. కానీ ఒక జాతి ఇంటి రూపాన్ని తీసుకోవడం వేరు, ఆ ఇల్లు కట్టుకున్న జాతిని గౌరవించడం వేరు. ఈ తేడా తెలియాలంటే పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దాకా పోవాలె.

1853లో ఫ్రాన్సు ఆ దీవిని ఆక్రమించింది. ఖైదీలను తెచ్చి దింపింది. భూములు గుంజుకున్నది. నికెల్ తవ్వుకున్నది. మూలవాసులైన కనక్ ప్రజలు సొంతగడ్డ మీదనే మైనారిటీ అయ్యారు. ఇవాళ జనాభాలో వాళ్లు సుమారు 40 శాతమే. వాళ్ల నాయకుడు జాన్ మారీ చిబావు. రాజకీయ పోరాటం ఉధృతం కాకముందే, 1975లో, కనక్ కళలతో పెద్ద ఉత్సవం జరిపి 'మేం ఉన్నాం' అని చాటినవాడు. 1988లో ఉవెయా దీవి గుహ దగ్గర 19 మంది కనక్‌లు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు సైనికులు కూడా చనిపోయారు. ఆ నెత్తురు ఆరకముందే పారిస్‌లో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది మే 4న, ఆ మృతుల సంస్మరణకు వెళ్లిన చిబావును ఒప్పందం నచ్చని ఒక కనక్ మనిషే కాల్చి చంపాడు.

ఆయన పేరు మీద నౌమియా నగరం పక్కన వెలిసిందే చిబావు సాంస్కృతిక కేంద్రం. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో 1991 పోటీలో గెలిచి రూపకల్పన చేశాడు. 1998 మే నెలలో దాన్ని ప్రారంభించారు.

కనక్‌ల పెద్ద గుడిసె గుండ్రంగా ఉంటుంది. నిటారుగా లేచిన గడ్డి కప్పు, నడుమ ఒక పెద్ద స్తంభం, చుట్టూ దాన్ని ఆనుకునే వాసాలు. నడిమి స్తంభం పెద్దమనిషి, చుట్టూ ఉన్నవి వంశాలు. అంటే ఆ గుడిసె ఒక సమాజం బొమ్మ. పియానో దాన్ని ఉన్నదున్నట్టు సిమెంటులో పోస్తే అది జాతరలో పెట్టిన సెట్టింగు అయ్యేది. ఆయన కనక్ సమాజాన్ని ఏండ్ల తరబడి చదివిన మానవశాస్త్రవేత్త ఆల్బాన్ బెన్సాను వెంట పెట్టుకున్నాడు. కనక్ సంస్కృతి సంస్థకు అధ్యక్షురాలు చిబావు భార్య మారీ క్లోడ్. అంటే బల్లకు ఆ వైపున ఆ జాతి మనుషులే కూర్చున్నారు.

ఆ తర్వాతనే లెక్కలు. తుఫాన్ల దీవి అది. నమూనాలను గాలి సొరంగంలో పరీక్షించారు. గాలి నడకను కంప్యూటర్‌లో లెక్కగట్టారు. మొదటి నమూనాలో వాసాలు పైన కలిసేవి. చివరికి అవి పైకి తెరుచుకున్నాయి. మొత్తం 10 కట్టడాలు, మూడు వాడలుగా ఉంటాయి. అతి పెద్దది 28 మీటర్ల ఎత్తు. చెక్క వాసాల గోడలు రెండు పొరలు, నడుమ గాలి ఆడుతుంది. చిన్నగాలి వీస్తే చెక్క రెక్కలు తెరుచుకొని చల్లదనం లోపలికి వస్తుంది. పెనుగాలి వస్తే మూసుకుంటాయి. గుడిసె చేసిన పనిని కంప్యూటర్ కొత్త కొలతల్లో చేయించింది. వారసత్వం అంటే రూపం కాదు, రూపం వెనుక ఉన్న తెలివి అని ఆ కట్టడం చెప్తున్నది.

లోపాలు లేవా? ఉన్నాయి. వాడిన ఇరోకో చెక్క కనక్ అడవిది కాదు, ఆఫ్రికాది. కట్టించింది ఫ్రాన్సు సర్కారు. కట్టడాన్ని ఇచ్చినంత సులువుగా అధికారాన్ని ఇవ్వలేదు. స్వాతంత్ర్యంపై 2018లో, 2020లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వద్దన్నవాళ్లు మొదట 56.7 శాతం, తర్వాత 53.3 శాతం. 2021 నాటి మూడోదాన్ని స్వాతంత్ర్యవాదులు బహిష్కరించారు. 2024 మేలో ఆ దీవి మళ్లీ మండింది. ఎంత అందమైన భవనమైనా హక్కుకు బదులు కాదు.

ఇప్పుడు మన వాళ్లు ఎక్కువగా ఎరిగిన అబుధాబి చూద్దాం. 2012లో పూర్తయిన అల్ బహర్ జంట టవర్లకు అరబ్బుల పాత జాలీ కిటికీ 'మష్రబియా'ను కొత్త రూపంలో తొడిగారు. ఒక్కో టవరుకు వెయ్యికి పైగా మడత గొడుగులు ఉన్నాయి. సూర్యుడు తిరిగిన కొద్దీ కంప్యూటర్ వాటిని తెరిచి మూస్తుంది. పాత జాలీ చేసిన నీడ పని ఇక్కడా జరుగుతున్నది, మెచ్చుకోవాల్సిందే. 2017లో తెరిచిన లూవ్ర్ మ్యూజియం గుమ్మటం 180 మీటర్ల వెడల్పు. ఎనిమిది పొరల్లో 7,850 నక్షత్రాలు. వాటిలోంచి వడపోసిన ఎండ ఈతాకుల సందుల్లోంచి పడినట్టు పడుతుంది. ఏ నక్షత్రం ఏ కోణంలో ఉండాలన్నది లెక్కల పుణ్యమే.

కానీ ఆ మ్యూజియం ఉన్న సాదియాత్ దీవిలో పనిచేసిన కూలీల గురించి 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక నివేదిక ఇచ్చింది. దక్షిణాసియా కూలీల పాసుపోర్టులు యజమానుల దగ్గర ఉండిపోవడం, ఏజెంట్లకు కట్టిన అప్పుల కింద వాళ్లు నలిగిపోవడం అందులో ఉన్నది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్లలో ఈ ముచ్చట కొత్తది కాదు. సూర్యకిరణం లెక్క తెలిసిన యంత్రానికి కూలీ అప్పు లెక్క తెలియదు. తెలియజేసేవాడు మనిషే, తెలియజేయనిదీ మనిషే.

మన దగ్గరికి వద్దాం. ఊరి స్వాగత ద్వారాల మీద సిమెంటు కాకతీయ తోరణాలు చాలా లేస్తున్నాయి. మంచిదే, యాది ఉండాలె. కానీ 1213 నాటి రామప్ప గుడిని చూడండి. శిఖరం బరువు తగ్గించడానికి నీళ్లలో తేలే ఇటుక చేశారు. పునాదికి ఇసుక పరుపు పరిచారు. 2021లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది బొమ్మల అందానికి మాత్రమే కాదు, ఈ తెలివికి కూడా. తోరణం నకలు తీయడానికి కంప్యూటర్ ఎందుకు, అచ్చు చాలు. ఆ ఇటుక, ఆ పునాది, గూనపెంకుల ఇంటి నడిమి వాకిలిలో ఆడే గాలి, వీటి లెక్క తీయడానికి కంప్యూటర్ కావాలె. అవి ఎండకాలపు అపార్ట్‌మెంట్లకు, బడులకు, దవాఖానలకు పనికొస్తాయి.

కాబట్టి సంస్కృతి పేరుతో లేచే ప్రతి భవనాన్నీ మూడు ప్రశ్నలు అడగాలె. పాత రూపం చేసిన పని ఇది చేస్తున్నదా? ఆ రూపం సొంతదారులను అడిగారా? కట్టిన చేతులకు కూలీ, గౌరవం దక్కాయా? మూడింటికీ జవాబు ఉంటే అది వారసత్వం. లేకుంటే అది మన పూర్వీకుల ముఖాన్ని మాస్కుగా తొడుక్కున్న వ్యాపారం. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఈ ప్రశ్నలను కంప్యూటర్ ముందు కూర్చోకముందే అడగడం నేర్చుకోవాలె. పాత ఇండ్లు కూలకముందే, ఆ మేస్త్రీలు బతికుండగానే, వాళ్ల దగ్గర కూర్చొని ఆ లెక్క రాసుకోవాలె.