గృహిణీ వినోదిని: నీరు మెత్తపరచు యంత్రమునకు ఉప్పెంత?

పులుసులో ఉప్పెంత వేయవలెనో మన సోదరీమణులకు ఒకరు చెప్పనక్కరలేదు. రుచి యెరిగి వేయుదుమేగాని డబ్బా యెత్తి కుమ్మరింపము. అయినను నీరు మెత్తపరచు యంత్రము ఇంటికి వచ్చిన పిమ్మట ఆ వివేకమును మరచుచున్నాము. తాటిపాకలో మా యింట జరిగిన సంగతియే ఇందుకు నిదర్శనము.

మా బోరునీటికి సబ్బు నురుగు రాదు. గిన్నెలపై తెల్లని మరకలు నిలుచును. గీజరులో సున్నపు పొర పేరుకొనును. కావున యంత్రమును పెట్టించితిమి. బిగించినవాడు రెండు దినముల కొకసారి 6 కిలోల ఉప్పు పట్టునట్లు అమర్చి పోయెను. నెలకు 90 కిలోలు! ఖర్చున కోర్చుకొంటిమి గాని, ఉప్పునీరు పోవు తూము ప్రక్కనున్న కనకాంబరములు మాడిపోవుటతో మాకు మెలకువ కలిగినది.

యంత్రములోని రెజిను గుళికలు నీటిలోని కాల్షియమును, మెగ్నీషియమును పట్టుకొని బదులుగా సోడియము నిచ్చును. గుళికలు నిండినపుడు ఉప్పునీటితో కడిగిన, అవి మరల పనికి వచ్చును. అయితే ఉప్పు హెచ్చించినంతగా పని హెచ్చదు. మా యంత్రములో 25 లీటర్ల గుళికలున్నవి. 6 కిలోల ఉప్పు వేసిన అవి సుమారు 1,700 గ్రాముల కాఠిన్యమును పట్టును; 2.4 కిలోలు వేసినను 1,150 గ్రాములు పట్టును. రెండున్నర రెట్లు ఉప్పునకు ఒకటిన్నర రెట్లే ఫలము!

పరీక్షపెట్టెలోని చుక్కల మందుతో చూడగా మా నీటి కాఠిన్యము లీటరుకు 400 మిల్లీగ్రాములని తేలినది. మా వాడుక దినమునకు 600 లీటర్లు. అనగా దినమునకు 240 గ్రాములు. 1,150 గ్రాములకు సుమారు 2,800 లీటర్ల నీరు మెత్తపడును. ఒకనాటి వాడుకను నిలువ యుంచి, 2,200 లీటర్లకు మీటరు పెట్టితిమి, ఉప్పు 2.4 కిలోలకు తగ్గించితిమి. ఇపుడు నెలకు సుమారు 20 కిలోలు చాలును. నీటిలో కొంచెము కాఠిన్యము మిగులును గాని, స్నానమునకు, బట్టలకు బాధ లేదు. ఊరికి పోయినపుడు నీరు వాడము గనుక మీటరు కదలదు, ఉప్పు వ్యయము కాదు. దినములు లెక్కించు గడియారపు పద్ధతిలో ఈ లాభము లేదు.

మీ యింటి లెక్క వేరుగా నుండును. ముందు నీటిని పరీక్షించి, పిమ్మట గుళికల పరిమాణము నడిగి తెలిసికొనుడు. నీటిలో ఇనుమున్నచో ఉప్పు కొంత హెచ్చు కావలెను. ఉప్పుతొట్టిలో ఉప్పు గడ్డకట్టి క్రింద బోలుగా నున్నదేమో కఱ్ఱతో పొడిచి చూచుచుండవలెను. ఉప్పుగానుండు నీటిని ఈ యంత్రము తీయనిదిగా చేయజాలదు. కాఠిన్యము వేరు, ఉప్పదనము వేరు. మెత్తపడిన నీటిలో సోడియము హెచ్చును గనుక రక్తపోటు గలవారు దానిని త్రాగరాదు; మేము వంటకును వాడము.

సముద్రతీరపు నేలలో మంచినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుచుండును. మనము తూములో వదలిన ఉప్పు నేలలోనికే దిగును. రేపు మన బావిలోనికే రావచ్చును. పులుసులో హెచ్చిన ఉప్పు ఆ పూటతో పోవును గాని, నేలలో హెచ్చినది అంత సులభముగా పోదు.