తప్పు ఎవరిది?

విశాఖపట్టణ సముద్రతీరమున టీయూ-142 అను భారీ విమానము నేడు ప్రదర్శనశాలగా నిలిచియున్నది. ఆ జాతి విమానములు 1988 మొదలు 2017 వరకు మన నౌకాదళమునకు సేవచేసినవి. ఇట్టి విమానముల చోదకుని గదిలో మీటలును, ముండ్లును, దీపములును లెక్కకు మిక్కిలిగ నుండును. ఒక మీటకు బదులు వేరొకదానిని కదల్చినచో ఆ తప్పు ఎవరిది? చోదకునిదే యని పలువురు తలంతురు. అది తొందరపాటు తీర్పు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా దేశపు బి-17 విమానములు క్షేమముగ నేలకు దిగిన పిమ్మట, కొందరు చోదకులు రెక్కల పలకలను ముడువబోయి చక్రములను ముడిచిరి. విమానములు పొట్టపై చతికిలబడెను. వారు శిక్షణ లేనివారు కారు. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు విచారించి, ఆ రెండు మీటలును ఒకే రూపున ప్రక్కప్రక్కనే యుండుటయే దోషమని తేల్చెను. ఒకదానికి చిన్న చక్రమును, రెండవదానికి రెక్కను బోలిన ముక్కను తగిలింపగా, చేతికి తాకినంతనే భేదము తెలిసెను. ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది.

ప్రయాణికుల విమానములందు రంగులును అట్లే మాటలాడును. ఎరుపు దీపము ‘తక్షణమే పూనుకొనుము’ అనును. పసుపు దీపము ‘మెలకువ’ యనును. అంతయు సవ్యముగ నున్నచో అనేక విమానములలో ఆ దీపములు వెలుగనే వెలుగవు. ఎరుపును ఎల్లెడల పూసినచో దానిని ఎవ్వరు లెక్కింతురు?

రేవును, ఉక్కు కర్మాగారమును గల విశాఖలో యంత్రముల మీటలపై నెన్నియో చేతులున్నవి. అలసిన చేయి యొకనాడు పొరబడును. పొరబడినవానిని నిందించుట సులభము. పొరపాటునకు తావీయని గుర్తులను ముందుగా నమర్చుటయే వివేకము.