ఆట ఆడుకుందాం, దానికి సంపాదన అని పేరు పెట్టొద్దు

"ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లకు మంచి అవకాశం" అనే మాట కనబడితే నాకు ముందు వచ్చేది కోపమే. ఇదివరకు ఆ మాట అప్పడాలు, అగరుబత్తీలు, చీరల వ్యాపారం అంటూ వచ్చేది. ఇప్పుడు ఫోన్లో ఆట రూపంలో వస్తోంది. ఆటలో భూమి కొనండి, పంట వేయండి, నాణేలు కూడబెట్టండి, ఆడుతూ పాడుతూ సంపాదించండి అంటున్నారు. మా చందూర్‌లో చెల్లెలి వరసయ్యే అమ్మాయి ఒకతె నన్నే అడిగింది: "అక్కా, ఫోన్ల పొలం గొంటే పైసలొస్తయంట, నిజమేనా?" చుట్టూ నిజమైన వరి పొలాలున్న ఊళ్లో ఈ ప్రశ్న వచ్చాక నోరు మూసుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అయితే చూడకుండా చెడ్డదనడం కూడా నాకు నచ్చదు. అందుకే ఒక్క రూపాయి కూడా పెట్టకూడదని ముందే గట్టిగా అనుకుని, ఒక పొలం ఆట ఫోన్లో వేసుకుని నెల రోజులు ఆడాను. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో ఏ రోజు ఎంతసేపు ఆడానో రాశాను. నెలకు 26 గంటలు తేలింది. ఆట బాగుంది, అబద్ధమెందుకు? ఆవు పాలిస్తే ముచ్చటేసింది. కానీ లోపలి లెక్క చూడండి. అక్కడ డబ్బు రెండు రకాలు. పని చేస్తే వచ్చేవి నాణేలు, రూపాయలు పెడితే వచ్చేవి వజ్రాలు. నాణేలకు విత్తనాలొస్తాయి. మంచి కొట్టం, పెద్ద గాదె కావాలంటే వజ్రాలే ఇవ్వాలి. పంట ఎనిమిది గంటలు ఆగాలి, వజ్రమిస్తే ఈ క్షణమే కోతకొస్తుంది. అంటే వాళ్లు అమ్మేది పంటను కాదు, మనం ఆగలేకపోవడాన్ని. ఒక్కరోజు తెరవకపోయినా వరస తెగి బహుమతి పోతుంది. పండగ పూట కూడా పోపు మాడుతున్నా సరే, ఫోను తీయాల్సిందే.

ఇలాంటి ఏ ఆటనైనా మూడు ప్రశ్నలు అడగండి. ఆ నాణెం ఇంకో కొట్లో చెల్లుతుందా? తిరిగి రూపాయిగా మారుతుందా? ఆ కొట్టు మూసేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది?

పొలం ఆటలన్నిటికీ పెద్దక్క లాంటి ఫామ్‌విల్‌నే తీసుకోండి. 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో వచ్చింది. స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో పండేది, వేళకు కోయకపోతే ఎండిపోయేది. ప్రపంచంలో కోట్ల మంది రాత్రిళ్లు లేచి కోశారు. 2020 డిసెంబర్ 31న ఆ ఆట మూసేశారు. పదకొండేళ్లు పెంచిన తోటలు, పశువులు, రూపాయలూ డాలర్లూ పెట్టి కట్టిన ఇళ్లు ఒక్క రోజుతో పోయాయి.

మన పక్కన బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మూతపడటం మనకు తెలుసు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో ఆగిపోయింది. కార్మికులు, చెరుకు రైతులు పడ్డ బాధ తక్కువది కాదు. అయినా రైతుకు భూమి మిగిలింది, చెరుకు తీసి వరి వేసుకునే దారి మిగిలింది. ధర్నా చేయడానికి గేటు ఉంది, నిలదీయడానికి నాయకులున్నారు. ఆట మూసేస్తే మనం ఏ గేటు ముందు కూర్చుంటాం?

"అన్ని ఆటలూ అలా ఉండవు, కొన్నిట్లో నిజంగా డబ్బు బయటికొస్తుంది" అంటారు. వస్తుంది. ఎలా వస్తుందో చూద్దాం.

పిల్లలు ఎగబడే రోబ్లాక్స్‌లో చెల్లే డబ్బు పేరు రోబక్స్. చాలా ఏళ్లపాటు 400 రోబక్స్ కొనాలంటే దాదాపు 5 డాలర్లు, అంటే వెయ్యికి పన్నెండున్నర. అదే ఆటలు తయారుచేసి సంపాదించిన రోబక్స్‌ను కంపెనీకి తిరిగిస్తే వెయ్యికి మూడున్నర డాలర్లే ఇచ్చేవారు. అదీ కనీసం 30,000 కూడబెట్టాకే. కొనుక్కున్నవాటిని తిరిగి తీసుకోరు. బంగారం అమ్మబోతే తరుగు తీస్తేనే మనం షావుకారుతో పోట్లాడతాం. ఇక్కడ రూపాయిలో ముప్పావలా దాకా పోతుంటే "మా బాబు సంపాదిస్తున్నాడు" అని మురిసిపోతున్నాం.

2003లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న సెకండ్ లైఫ్ అనే లోకంలో లిండెన్ డాలర్లను నిజం డాలర్లుగా మార్చుకోవచ్చు. కానీ అవి డబ్బు కాదని, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనని కంపెనీ షరతుల్లోనే రాసుకుంది. ఆ లోకంలో గింకో ఫైనాన్షియల్ అని ఒక బ్యాంకు లేచింది. ఏడాదికి 40 శాతం పైనే వడ్డీ ఆశ చూపింది. 2007లో కూలిపోయింది. దాచుకున్నవాళ్లకు రావాల్సింది దాదాపు ఏడున్నర లక్షల డాలర్లు. ఆ తర్వాత, 2008 జనవరిలో, లైసెన్సు లేని బ్యాంకులు అక్కడ ఉండకూడదని కంపెనీ నియమం పెట్టింది. మన దగ్గర చిట్టీ ఎగ్గొట్టినవాడి ఇంటి ముందు కూర్చుని నాలుగు శాపనార్థాలైనా పెట్టొచ్చు. అక్కడ వాడి అసలు పేరేమిటో కూడా తెలియదు.

ఇక "ఆడి సంపాదించు" అన్న పిలుపుకు పెద్ద ఉదాహరణ ఆక్సీ ఇన్ఫినిటీ. 2021లో ఫిలిప్పీన్స్‌లో పనులు పోయిన కుటుంబాలు దాంతో బతికాయని గొప్పగా చెప్పారు. మొదలుపెట్టాలంటే మూడు బొమ్మ జంతువులు కొనాలి, ఒక దశలో వాటికే వందల డాలర్లయ్యేది. అంత లేనివాళ్లకు ఉన్నవాళ్లు జంతువులను అప్పిచ్చి ఆడించుకుని, వచ్చినదాంట్లో వాటా తీసుకున్నారు. దీన్ని మనం కౌలు అంటాం, వాళ్లు స్కాలర్‌షిప్ అన్నారు. 2021లో 30 సెంట్లు దాటిన ఆ ఆట టోకెన్, 2022 మధ్యకల్లా ఒక్క సెంటు కూడా పలకలేదు. కౌలు రైతుకు ధర పడిపోతే గింజలైనా ఉంటాయి. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి టోకెన్ల లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు.

"ఒకావిడ కోటీశ్వరురాలైంది కదా" అని కూడా చెబుతారు. నిజమే. యాన్‌షీ చుంగ్ అనే పేరుతో సెకండ్ లైఫ్‌లో భూమి వ్యాపారం చేసిన ఆమె 2006లో బిజినెస్‌వీక్ ముఖచిత్రం మీదికి ఎక్కింది. ఆమె చేసిందేమిటి? భూమి టోకున కొని, ముక్కలు చేసి, అందంగా తీర్చి అద్దెకిచ్చింది, అమ్మింది. చైనాలో ఉద్యోగులను పెట్టి పని చేయించింది. అది రాత్రింబవళ్లు చేసిన వ్యాపారం. ఆ తెలివికి నేను దండం పెడతాను. కానీ ఆమె ఫోటో చూపించి "ఖాళీ సమయంలో అరగంట చాలు" అనడం మోసం.

ఇక అసలు సంగతి. మొగవాళ్లు చెట్టు కింద పేకాడతారు, క్రికెట్ చూస్తారు. దాంతో ఎంత సంపాదించావని వాళ్లను ఎవరూ అడగరు. మనం మాత్రం పావుగంట ఫోను పట్టుకుంటే లెక్క చెప్పాలి. సీరియల్ చూస్తూ కూడా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఊళ్లు మన జిల్లావి. చేతులు ఊరికే ఉంటే తప్పు చేసినట్టు అనిపించేలా పెంచారు మనల్ని. అందుకే "ఇది ఆట కాదు, సంపాదన" అంటే మనకు ఊరటగా ఉంటుంది. ఆ ఊరటనే వాళ్లు సరుకు చేసుకున్నారు. బీడీ కార్ఖానా కూలి తక్కువే, బాగాలేవని కొన్ని బీడీలు పక్కన పడేస్తారు కూడా. కానీ ఇచ్చే కూలి రూపాయల్లో ఇస్తారు. ఆ రూపాయి బోధన్ బజార్లోనూ చెల్లుతుంది, నిజామాబాద్ బస్సులోనూ చెల్లుతుంది. నా 26 గంటల కూలి ఆ ఆటలోని గాదె దాటి బయటికి రాలేదు.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. తెలంగాణ 2017లోనే పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ వజ్రాలు కొనుక్కుని గాదె పెంచుకునే ఆట అందులో పందెం కిందికి రాదు. అక్కడ మన కాపలా మనమే.

కాబట్టి ఆడుకోండి. హాయిగా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఆడుకోండి. విసుగొస్తే మూసేయండి. వజ్రాలు కొంటే ఎన్ని వజ్రాలని కాదు, ఎన్ని రూపాయలని ఇంటి లెక్కలో సినిమా ఖర్చు పక్కన రాయండి. పిల్లల చేతిలో ఉన్న ఫోన్‌లో యూపీఐ, కార్డు వివరాలు ఉంచకండి. సంపాదన అని ఎవరైనా పిలిస్తే, ముందు డబ్బు కట్టమంటే అక్కడే ఆపేయండి. తమ బ్యాంకు ఖాతాలో పడ్డ రూపాయలు చూపించమనండి, ఆటలో కనబడే అంకెలు కాదు. ఆ ఖాళీ సమయం మనదే. దాన్ని ఊరికే గడిపే హక్కు కూడా మనదే, దానికి ఎవరి నాణెమూ అక్కర్లేదు.