బేస్‌మెంట్‌లో లక్క వాసన

కిందటి నెల ఇక్కడ ఆవకాయ సీసాల గురించి రాశాను. ఈసారి సంగతి వింటే నవ్వుతారు. బొమ్మ విమానానికి రంగు వెయ్యడం! నవ్వండి, పర్లేదు. కానీ బేస్‌మెంట్‌లోకి దిగితే పైకి రాని మనిషి మీ ఇంట్లోనూ ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

మేముండేది బ్రాంప్టన్‌లో. అక్టోబరులో మావారి ఉద్యోగం పోయింది. పద్నాలుగేళ్ళు చేసిన ఉద్యోగం, పావుగంట వీడియో కాల్‌తో అయిపోయింది. ఇండియాలో ఎవరికీ చెప్పొద్దన్నారు. మా దగ్గరే ఉన్న అత్తయ్యకి కూడా ఇంటినుంచి పని అనే చెప్పాం. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగేవారు. మొదట్లో అప్లికేషన్లు పెట్టేవారు. నవంబరు చివర్లో ఎవరో అమ్ముతున్నారని ఒక చిన్న కంప్రెసర్, ఒక ఎయిర్‌బ్రష్, ఒక ప్లాస్టిక్ విమానం కిట్టు తెచ్చుకున్నారు. డబ్బులు ఆచితూచి ఖర్చుపెడుతున్న రోజుల్లో ఇదేమిటని ఒళ్ళు మండింది. అయినా నోరెత్తలేదు.

తర్వాత వాసన మొదలైంది. "అమ్మాయ్, ఎవరైనా గోళ్ళరంగు ఒలకబోశారా?" అని అడిగేది అత్తయ్య. ఆవిడకి ఆస్తమా. రాత్రిళ్ళు దగ్గు ఎక్కువైంది. చలిగాలి వల్లేమో అనుకున్నాను.

జనవరిలో బయట మైనస్ పద్దెనిమిది ఉన్న ఒక రాత్రి కిందికి వెళ్ళి చూశాను. కిటికీ బిగించి ఉంది. మావారు కోవిడ్ నాటి మాస్కు పెట్టుకుని రంగు కొడుతున్నారు. నాలుగడుగుల అవతల గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్, లోపల మంట. నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఆ మాస్కులు దుమ్ముని ఆపుతాయి కానీ థిన్నర్ ఆవిరిని ఆపవని నాకు తెలుసు. పైగా ఆ ఆవిరి మంటకి అంటుకునే సరుకు. నాకు కాళ్ళు వణికాయి.

"మీ అమ్మగారి ఊపిరి తీస్తారా, ఇల్లు తగలబెడతారా? ఈ బొమ్మ కోసమా?" అని గట్టిగా అరిచాను.

ఆయన మాస్కు తీసి, కాసేపు ఊరుకుని, "ఇది ఏ విమానమో తెలుసా?" అన్నారు.

ఆవ్రో యారో. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, ఇప్పుడు మన విమానాలు దిగే పియర్సన్ ఎయిర్‌పోర్టు పక్కనే, మాల్టన్‌లో తయారైంది. 1957 అక్టోబరు 4న జనానికి చూపించారు. అదే రోజు స్పుత్నిక్ ఎగరడంతో యారో వార్త వెనక్కిపోయింది. 1958 మార్చి 25న మొదటిసారి ఎగిరింది. అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగమైన విమానాల్లో అదొకటి. 1959 ఫిబ్రవరి 20, శుక్రవారం, ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేసేసింది. తయారైన విమానాలన్నిటినీ ముక్కలు చేశారు. ముందుభాగమూ మరికొన్ని ముక్కలూ మాత్రం ఒట్టావా మ్యూజియంలో మిగిలాయి.

"పద్నాలుగు వేలమందికి పైగా, అందరికీ ఒకే రోజు ఉద్యోగం పోయింది. ఫ్యాక్టరీ మైకులో చెప్పారట. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాంపిల్లలకి ఏమని చెప్పి ఉంటారో" అన్నారు.

మూడు నెలలుగా ఆయన నాతో ఇంత మాట్లాడలేదు. నేను మెట్లమీద కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.

మర్నాడు అత్తయ్యకి చెప్పేశాం. ఆవిడేమీ ఉలిక్కిపడలేదు. "ఇస్త్రీ చొక్కా వేసుకుని నేలమాళిగలోకి ఉద్యోగానికి ఎవరెళ్తార్రా? నాకు తెలీదనుకున్నావా?" అంది. తర్వాత ఆ రంగు సీసా తెప్పించుకుని చూసి, దీన్నేమంటారని అడిగింది. లక్కర్ అన్నారు మావారు. "లక్క వాసన ఇలా ఉండదు" అని తేల్చేసింది.

ఆవిడది యలమంచిలి వైపు. ఏటికొప్పాక లక్కపిడతలతో ఆడుకున్న మనిషి. అక్కడ అంకుడు కర్రని తరిణె పట్టి, అది గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. థిన్నర్ ఉండదు, ఆవిరి ఉండదు. అసలు లక్కర్ అనే ఇంగ్లీషు మాటే మన లక్కకి చుట్టం. కానీ ఇప్పటి సీసాల్లో లక్కపురుగు ఇచ్చిన లక్క చుక్కయినా లేదు. కృత్రిమ రెసిన్‌ని ఘాటైన ద్రావకాల్లో కరిగించి అమ్ముతున్నారు. పేరొకటే మిగిలింది.

మరి అంత ఘాటు రంగే ఎందుకని అడిగాను. ద్రావకం ఎగిరిపోగానే నిమిషాల్లో ఆరుతుందట. ప్లాస్టిక్‌ని కాస్త కొరికి గట్టిగా పట్టుకుంటుందట. పూత పలచగా ఉండి, విమానం మీది సన్నగీతలు పూడిపోవట. సరే, మానమని అనలేదు. పద్ధతి మాత్రం మార్చాం. మీ ఇంట్లో పిల్లలో, వారో ఇదే పని చేస్తుంటే ఇవి చూసుకోండి.

ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్ తప్పనిసరి. ముఖానికి బిగుతుగా ఆనాలి, గడ్డం ఉంటే ఆనదు. స్ప్రే బూత్ గాలిని గొట్టంతో ఇంటి బయటికే పంపాలి. ఫర్నేస్, వాటర్ హీటర్ ఉన్న చోట కొట్టకూడదు. బిగించిన ఇంట్లోంచి ఫ్యాను గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చుకోడానికి హీటర్ పొగగొట్టంలోంచి విషవాయువు వెనక్కి రావచ్చు. అందుకే మేం పై అంతస్తులో ఖాళీ గదికి మార్చాం. ఒక కిటికీకి గొట్టం, ఇంకో కిటికీ రెండంగుళాలు తెరిచి, తలుపు కింద తువ్వాలు. పది నిమిషాలకి మించి కొట్టరు. గది చల్లబడుతుంది, ఏం చేస్తాం! రంగు వేసిన బొమ్మ కూడా ఆ గదిలోనే ఆరాలి, ఎందుకంటే తడి ఆరినట్టు కనిపించినా చాలాసేపు వాసన వదులుతుంది. మిగిలిన థిన్నర్‌ని సింకులో పొయ్యకండి. మూత బిగించి, ఊళ్ళో ప్రమాదకర చెత్త తీసుకునే డిపోలో ఇవ్వాలి.

యారో చాలావరకు తెలుపే. తెలుపు రంగు మహా మొండిది. ఒక్కసారే కప్పెయ్యాలని మావారు దగ్గర్నుంచి కొడితే కారిపోయింది. దూరం జరిగితే రంగు గాల్లోనే ఆరి పిండిలా గరుగ్గా పడింది. "పూతరేకు చూడలేదా మీరు? పొర మీద పొర వెయ్యండి" అన్నాను. మాది ఆత్రేయపురం పక్కనే లెండి. రంగుకి సమానంగా, కాస్త ఎక్కువగా థిన్నర్ కలిపి, పలచటి పొరలు, మధ్యలో కొన్ని నిమిషాల ఆగుడు. నాలుగో పొరకి తెలుపు నిలిచింది.

ఒకరోజు నన్నూ పట్టమన్నారు. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. బొమ్మ అంచుకి ముందే చెయ్యి కదలడం మొదలవ్వాలి, అంచు దాటాకే రంగు ఆగాలి. ఇది మనకి కొత్తా చెప్పండి? ముగ్గు గీత అంతే కదా! చెయ్యి ఆగితే ముగ్గు కుప్పపడుతుంది. రెక్క కిందిభాగం నేనే వేశాను. ఆయన వేసిన దానికన్నా నున్నగా వచ్చిందని అత్తయ్య తీర్పు.

అసలు విమానం పొడవు దాదాపు 24 మీటర్లు. మాది దానికి 72వ వంతు, స్కూలు స్కేలు కన్నా కొంచెం పెద్దది. ఇప్పుడు అది హాల్లో, అత్తయ్య లక్కపిడతల పక్కన ఉంది. ఆవిడ దగ్గు తగ్గింది. మావారికి ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు ఇంటర్వ్యూలయ్యాయి, మూడోది వచ్చే వారం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా మానేసి, వంటింట్లో టేబుల్ దగ్గరే కూర్చుని అప్లికేషన్లు పెడుతున్నారు.

కిందటి ఆదివారం విశాఖలో ఉన్న తమ్ముడు వీడియో కాల్ చేసి, "ఏంటన్నయ్యా, ఆఫీసు ఎలా ఉంది?" అన్నాడు. మావారు ఫోన్‌ని విమానం వైపు తిప్పి, "ఆఫీసు లేదురా, అక్టోబరులోనే పోయింది. ఇదిగో, దీని కథ చెప్తా విను" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను.