పుకారా, ఫిర్యాదా? ఓడ కంపెనీకి మన మాట ఎప్పుడు వినబడుతుంది?

పోస్టు పొడుగైనదే. ఆదివారం మీటింగులో మాట్లాడడానికి ఐదు నిమిషాలే ఇస్తామన్నారు. ఈ సంగతి ఐదు నిమిషాల్లో తేలదు, అందుకని ఇక్కడ రాస్తున్నాము. తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చదివి తిట్టండి.

సింగపూరు ఓడ ప్రయాణం గురించి మనలో 11 మందిమి ఇంటర్నెట్టులో అభిప్రాయాలు రాశాము కదా. వాటిని తీసేస్తే వచ్చే ప్రయాణానికి టికెట్టులో నూటికి 20 తగ్గిస్తామని ఓడ కంపెనీ తరఫున ట్రావెల్ ఏజెంటు కబురు పంపాడు. కమిటీలో కొందరు పెద్దలు "పోనీలెండి, తీసుకుందాం" అంటున్నారు. మేము వద్దంటున్నాము. మేమంటే ఆ ఓడ ఎక్కినవాళ్ళం, ఆ మాటలు రాసినవాళ్ళం. ఎందుకు వద్దో వరసగా చెబుతాము.

ముందు జరిగింది చెప్పాలి, ఎందుకంటే గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పుకుంటున్నారు. సంఘం తరఫున 26 మందిమి వెళ్ళాము, అందులో జాస్తి మంది 60 దాటినవాళ్ళమే. మూడు రాత్రుల ప్రయాణం. పెనాంగులో దిగి ఊరు చూడవచ్చునని ఏజెంటు కాగితంలో ఉంది. దిగలేదు. ఏవో నిర్వహణ కారణాలని మైకులో చెప్పారు, అంతే. తిరిగి వచ్చింది రేవు రుసుము మాత్రం. శాకాహారం విడిగా ఉంటుందని రాసిచ్చారు, అక్కడ చేపకూ పప్పుకూ ఒకే గరిటె. మనిషికి రోజుకింత అని సర్వీసు చార్జీ చివరి రోజు బిల్లులో కనబడింది. ముందిచ్చిన కాగితంలో ఆ మాటే లేదు. 26 మందిదీ కలిపి చూస్తే ఒక చిన్న పెళ్ళికి వంటవాళ్ళకిచ్చే అడ్వాన్సంత అయింది. మోకాళ్ళు నడవనివ్వని అత్తయ్యకు చక్రాల కుర్చీ కావాలని రెండు నెలల ముందే రాసిచ్చాము. దిగే రోజు ఆమెను గంటన్నర నిలబెట్టారు.

సముద్రం బాగుంది, గది శుభ్రంగా ఉంది, పనివాళ్ళు బంగారంలాంటి మనుషులు. అది కూడా రాశాము. ఉన్నది ఉన్నట్టు రాశాము.

ఇప్పుడు ఖజాంచిగారి ప్రశ్న. "వేలమంది ఎక్కే ఓడ. మన 11 మంది మాట వాళ్ళకొక లెక్కా? ఎట్లాగూ వినరు. వచ్చే తగ్గింపునైనా వదులుకోవడం దేనికి?" అని వారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఏజెంటు పంపిన కబురులోనే ఉంది. ఎవరికీ వినబడని నోటిని మూయించడానికి ఏ కంపెనీ అయినా నూటికి 20 వదులుకుంటుందా? కాబట్టి వింటున్నారు. ఏది వింటున్నారు, దేనికోసం వింటున్నారు అన్నదే మనం చూడాలి.

కంపెనీకి రెండు చెవులున్నాయి. ఒకటి, దిగాక మన ఈమెయిలుకు పంపే ప్రశ్నల పట్టిక. రెండోది, మనం నలుగురూ చూసేట్టు బయట రాసేది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

చివరి రోజు మా గది సర్దే అబ్బాయి, శ్రీకాకుళం వైపువాడు, మేము తెలుగు మాట్లాడుతుంటే వచ్చి చెప్పాడు: "అంకుల్, మీకొక ఈమెయిలొస్తుంది. 10 వెయ్యండి, పోనీ 9 వెయ్యండి. 8 వేస్తే మాకేమీ రాదు." మాకు అప్పుడు అర్థం కాలేదు. మేము తమిళ మీడియం స్కూల్లో చదివినవాళ్ళం. ఆ రోజుల్లో 100కు 60 వస్తే ఇంట్లో పాయసం కాచేవాళ్ళు. 10కి 8 అంటే మన లెక్కలో మెచ్చుకోవడమే.

వాళ్ళ లెక్క వేరు. "ఈ ఓడను మీ స్నేహితులకు చెబుతారా, 0 నుంచి 10లో ఎంత?" అని అడిగే ఈ పద్ధతిని 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికా వ్యాపార సలహాదారు ప్రచారంలోకి తెచ్చాడు. 9, 10 వేసినవాళ్ళు మెచ్చినవాళ్ళు. 7, 8 వేసినవాళ్ళు ఎటూ కానివాళ్ళు. 0 నుంచి 6 దాకా అందరూ వ్యతిరేకులు. మెచ్చినవాళ్ళ శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే వచ్చేదే మార్కు. పెద్ద ఓడ కంపెనీలు వాటాదారులతో మాట్లాడేటప్పుడు కూడా ఈ మార్కును చెప్పుకుంటాయి. అంటే మనలాంటి మర్యాదస్తులు పెద్దమనసుతో వేసే 8 ఆ లెక్కలో ఎవరి వైపూ చేరదు. ఓటు వేశామనుకుంటాము, చెల్లని ఓటైపోతుంది.

ఇంకొకటి చూడండి. మాకొచ్చిన పట్టికలో గది ఎట్లా ఉంది, వడ్డించినవాళ్ళు నవ్వారా, ఆట పాట ఎట్లా ఉంది అని అడిగారు. పెనాంగు గురించి ఒక్క ప్రశ్న లేదు. సర్వీసు చార్జీ ముందుగా చెప్పామా అనే ప్రశ్న లేదు. పెనాంగు వద్దన్నది ఎవరో పై అధికారి. ఆ కోపంలో మనం 5 వేస్తే దెబ్బ తగిలేది శ్రీకాకుళం అబ్బాయికి. ఇంటికి దూరంగా నెలల తరబడి నీళ్ళ మీద బతికే బిడ్డ అతను. ఈ చెవి పనివాళ్ళను తూకం వెయ్యడానికి పెట్టిన చెవి. మన బాధ వినడానికి పెట్టింది కాదు.

రెండో చెవి వేరు. రేపు టికెట్టు కొనబోయేవాడు చదువుతాడని కంపెనీకి తెలిసిన మాటే దానికి వినబడుతుంది. దీనికి లోకమంతా చూసిన సాక్ష్యం ఉంది. 2013 ఫిబ్రవరి 10న మెక్సికో సింధుశాఖలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ ఇంజను గదిలో నిప్పు అంటుకుంది. కరెంటు పోయింది, మరుగుదొడ్లు పనిచెయ్యలేదు. ఇంచుమించు 4,200 మంది ఆ కంపులో నాలుగు రోజులు నీళ్ళ మీద ఉన్నారు. టగ్గు పడవలు లాగి అలబామాలోని మొబీల్ రేవుకు చేర్చాయి. ప్రయాణికులు ఫోన్లలో తీసిన ఫోటోలు టీవీల్లో రాత్రింబగళ్ళు తిరిగాయి.

ఆ తరువాత ఏమయింది? అత్యవసర కరెంటు, అగ్నిమాపక ఏర్పాట్లు బాగుచెయ్యడానికి తమ ఓడలన్నిటి మీదా 30 కోట్ల డాలర్లు పెడతామని కంపెనీ ప్రకటించింది. అదే సంవత్సరం మేలో ఓడ కంపెనీల అంతర్జాతీయ సంఘం ప్రయాణికుల హక్కులని పది అంశాలు ప్రకటించింది. యంత్రం చెడి ప్రయాణం రద్దయితే డబ్బు మొత్తం తిరిగివ్వాలన్నది వాటిలో ఒకటి. ఆ 4,200 మందీ ఇంటికెళ్ళి ప్రశ్నల పట్టికలో 3 మార్కులు వేసి ఊరుకుంటే ఇది జరిగేదా? అదే ఓడకు 2019లో బాగుచేసి వేరే పేరు పెట్టారు. పాత పేరు జనానికి ఎంత గుర్తుందో కంపెనీకి తెలియదనుకోవాలా?

మంచి మాట విలువా వాళ్ళకు బాగా తెలుసు. రాయల్ కరీబియన్ కంపెనీ తన ఓడలంటే ఇష్టపడి ఇంటర్నెట్టులో జాస్తిగా రాసే ఒక 50 మందిని "రాయల్ చాంపియన్స్" అని చేరదీసి, వాళ్ళకు కొత్త ఓడ చూపించడంలాంటి మర్యాదలు చేసిందని 2009లో బయటపడింది. చదివేవాళ్ళకు ఆ సంగతి తెలియకపోవడమే అక్కడ గొడవైంది. మెచ్చుకునేవాళ్ళను దగ్గరకు తియ్యడం, నొచ్చుకున్నవాళ్ళ చేత చెరిపించడం, రెండూ ఒకే పనికి. చదివేవాడికి తక్కెడ ఒక వైపుకు వంగి కనబడాలి. మనకొచ్చిన 20 శాతం ఈ రెండో రకం.

ఆ 20 శాతం కూడా ఏ రకం తగ్గింపో చూడండి. వంకాయలు పుచ్చాయని కొత్వాల్ చావడి మార్కెట్టుకు తిరిగి తీసుకుపోతే, "రేపు ఇంకో రెండు కిలోలు కొనండి, రూపాయి తగ్గిస్తా" అన్నట్టుంది. అత్తయ్య గంటన్నర నిలబడినదానికి అందులో జవాబు లేదు. సర్వీసు చార్జీ తిరిగిస్తామన్న మాట లేదు.

మనవైపు తప్పు లేదా అంటే, గ్రూపులో తిరిగే ఫార్వర్డులు చూడండి. "ఆ ఓడలో ఎలుకలట", "ఎవరికో విషాహారమట", "ఎవరూ పోకండి". ఎవరు చూశారు, ఏ రోజు, ఏ గది? ఒక్కదానికీ జవాబుండదు. తమిళంలో పుగార్ అంటే ఫిర్యాదు. తెలుగులో పుకారు అంటే గాలివార్త. ఇల్లు తెలుగు, బడి తమిళం అయిన మనకు ఈ తేడా ఒకరు చెప్పక్కరలేదు. తేదీ, గది నంబరు, బిల్లు, రాసిచ్చిన కాగితం ఉంటే అది తమిళ పుగార్. అవి లేకపోతే తెలుగు పుకారు. పుకారును ఏ కంపెనీ అయినా తోసిపారేస్తుంది, తోసిపారెయ్యాలి కూడా.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. ఫిర్యాదంటే ఎట్లా ఉండాలో రైల్వేవాళ్ళందరికీ తెలిసిన ఉత్తరం ఒకటుంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ పెద్దమనిషి సాహెబ్‌గంజ్ డివిజను ఆఫీసుకు రాశాడు. పనసపండు తిని కడుపుబ్బి, అహమ్మద్‌పూర్ స్టేషనులో దిగి చెంబు పట్టుకుని వెళితే, గార్డు విజిలు వేసేశాడు. పాపం, ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడిపోయాడు. ఆ ఉత్తరం ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఉంది. రైళ్ళలో మరుగుదొడ్లు రావడానికి అదే కారణమని రైల్వేలో అందరూ చెప్పుకుంటారు. ఆయన ఇంగ్లీషును చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. మేము చూసేది వేరు. స్టేషను పేరుంది, జరిగినది ఉంది, గార్డుకు జరిమానా వెయ్యాలన్న కోరిక ఉంది. వెయ్యకపోతే పత్రికలకు రాస్తానన్న మాటా ఉంది. ఆ చివరి మాటకు ఎవరైనా అప్పట్లో డబ్బిచ్చి చెరిపించి ఉంటే?

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. ఓడ టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో చాలా ఉంటుంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసొకటుంది. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు లాస్ ఏంజిలిస్‌లో ఓడ ఎక్కారు, మెక్సికో పక్క సముద్రంలో భార్య జారిపడింది. దావా వేస్తే ఫ్లోరిడాలోనే వెయ్యాలని టికెట్టులో ఉంది కాబట్టి అక్కడికే పొమ్మని కోర్టు చెప్పింది. దేశానికి ఆ మూల నుంచి ఈ మూలకు! అందుకే బయట రాసిన మాటకు అంత విలువ. కోర్టుకు పోలేని సామాన్యుడికి మిగిలేది అదే.

మనకు ఇంకొక దారీ ఉంది. 2020 జూలైలో అమలైన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే ఊళ్ళోనే కమిషనుకు వెళ్ళవచ్చు. టికెట్టు అమ్మిన ఏజెంటూ చెన్నైలోనే ఉన్నాడు. 5 లక్షల రూపాయల దాకా విలువైనదానికి ఫీజు లేదు. జరిగిన నాటి నుంచి రెండేళ్ళ గడువుంది. ముందుగా 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. ఇప్పుడు మనం రాసినదంతా చెరిపేసి, రేపు కమిషను ముందు నిలబడితే, "అంత బాధ అయితే ఎందుకు చెరిపారు?" అని అడగరా?

"గొడవెందుకండీ, మనం ఎప్పుడూ సర్దుకుపోయేవాళ్ళం" అని ఉపాధ్యక్షులవారు అన్నారు. వారి మీద మాకు గౌరవముంది. సర్దుకుపోవడం మన పెద్దల గుణమే. పరాయి తావుకొచ్చి, ఇరుగుపొరుగుతో కలిసి నాలుగు తరాలు బతికామంటే అది ఆ గుణం వల్లే. కానీ పొరుగింటివాడితో సర్దుకోవడం వేరు, డబ్బు పుచ్చుకున్న కంపెనీతో సర్దుకోవడం వేరు. పొరుగింటివాడు రేపు మన కష్టానికి వస్తాడు. కంపెనీ వచ్చేది ఇంకో టికెట్టు అమ్మడానికి.

పైగా ఇది మన 26 మంది సంగతే కాదు. బరంపురంలో ఉన్న మనవాళ్ళు, కోయంబత్తూరు మనవాళ్ళు "ఓడ ఎట్లా ఉంది, పెద్దవాళ్ళను తీసుకుపోవచ్చునా" అని అడుగుతున్నారు. చెరిపేస్తే వాళ్ళకేం చెబుతాము? నోటితో ఒకటి, ఇంటర్నెట్టులో ఒకటా?

అందుచేత ఆదివారం మీటింగులో మేము పెట్టబోయేది ఇది.

ఒకటి. 20 శాతం వద్దని సంఘం తరఫున రాతపూర్వకంగా చెప్పాలి.

రెండు. 26 మంది సంతకాలతో ఒకే ఉత్తరం, ఏజెంటుకూ కంపెనీకీ పంపాలి. సర్వీసు చార్జీ తిరిగివ్వాలి, పెనాంగుకు సరైన లెక్క చెప్పాలి, చక్రాల కుర్చీ విషయంలో అత్తయ్యకు క్షమాపణ చెప్పాలి. 30 రోజులు గడువు. తరువాత 1915, ఆ తరువాత కమిషను.

మూడు. వాళ్ళు సరిచేస్తే, మన రాతల కిందే "ఫలానా తేదీన సరిచేశారు" అని చేర్చుదాం. అది వాళ్ళకు రావలసిన న్యాయం. చెరపడం మాత్రం లేదు.

నాలుగు. బాగా చూసుకున్న పనివాళ్ళను మెచ్చుకుంటూ విడిగా రాద్దాం. మార్కులడిగితే వాళ్ళకు 10 వేద్దాం. కంపెనీ మీది కోపం ఆ బిడ్డల మీద చూపవద్దు.

ఓటు పెడితే ఓడిపోవచ్చు, ఫరవాలేదు. సంఘం తీర్మానం సంఘానిది. మా 11 మంది రాసినవి మాత్రం మా పేర్లతో రాసినవి, అవి ఉంటాయి.

ఆదివారం ఉదయం 10 గంటలకు మీటింగు. ప్రయాణంలో ఉన్నవాళ్ళు బిల్లులు, ఏజెంటిచ్చిన కాగితాలు జెరాక్సు తీసి తీసుకురండి. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి.