వేగం – వివేకం

"మాస్టారూ! మూడు గిగాహెర్ట్జ్ కంప్యూటరని కొన్నాం. తీరా చూస్తే 0.8 అని చూపుతోంది. మోసపోయామంటారా?" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. ఆ సమయంలో యంత్రం ఏ పనీ చేయడం లేదు. పని లేనప్పుడు వేగం తగ్గడం లోపం కాదు, వివేకమని నా అభిప్రాయం.

కృష్ణా డెల్టా బిడ్డలకు ఈ వివేకం కొత్త కాదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానాన్ని 1957లో ప్రకాశం బ్యారేజీ అందుకొంది. అక్కడ నిలిచిన నీరు తూముల గుండా కాలువలకు చేరుతుంది. నాట్లవేళ కాలువలు నిండుగా పారుతాయి. కోతలవేళ పొలానికి నీటితో పనిలేదు కనుక ప్రవాహాన్ని తగ్గిస్తారు. అంతమాత్రాన కృష్ణమ్మ చిక్కిపోయిందని ఏ రైతూ బెంగపడడు.

ప్రాసెసర్ తీరూ అటువంటిదే. అది తన గడియారపు తాళానికి అనుగుణంగా నడుస్తుంది. మూడు గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల స్పందనలు. ఆ స్పందనల వెంట లోపలి సూక్ష్మమైన స్విచ్చులు తెరచుకొంటూ, మూసుకొంటూ విద్యుత్తును ఖర్చు చేస్తాయి. ఈ ఖర్చు వేగాన్ని బట్టీ, వోల్టేజి వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం తగ్గితే తక్కువ వోల్టేజి సరిపోతుంది కాబట్టి ఆదా రెండు విధాల. వేగాన్ని సగానికి, వోల్టేజిని ఐదింట నాలుగు వంతులకు తగ్గిస్తే ఈ ఖర్చు దాదాపు మూడో వంతుకు దిగుతుంది. వేడి తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. 2000లో ఇంటెల్ సంస్థ 'స్పీడ్‌స్టెప్' పేరుతో ల్యాప్‌టాప్‌లలో ఈ ఏర్పాటును ప్రవేశపెట్టింది. నేడు మన సెల్‌ఫోన్లూ ఈ నీతినే పాటిస్తున్నాయి.

అయితే ఎల్లవేళలా మందగమనమే మేలని పొరబడరాదు. పని వచ్చినప్పుడు చురుకుగా ముగించి విశ్రమించడమే చాలాసార్లు లాభదాయకం. పని సాగినంతసేపూ తెర, మెమరీ వంటి తక్కిన భాగాలకూ విద్యుత్తు కావాలి గదా! అందుకే అవసరమైనప్పుడు ప్రాసెసర్ రెప్పపాటులో వేగం పుంజుకొంటుంది.

కొందరు తమ కంప్యూటరును నిరంతరం గరిష్ఠ వేగంలో ఉంచి గర్విస్తారు. పనిలేని యంత్రం వేడెక్కితే ఎవరికి లాభం? మనం వాడే విద్యుత్తులో కొంత ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండగా పుట్టినదే.

విద్యార్థులారా! విజయవాడ చదువులకు పేరుపొందిన ఊరు. తెల్లవారకముందే లేచి, అర్ధరాత్రి దాకా పుస్తకం మూయకపోవడమే చదువని ఇక్కడ ఎందరో నమ్ముతున్నారు. నేను నమ్మను. ఏకాగ్రతతో చదివిన రెండు గంటలకు కునికిపాట్ల ఐదు గంటలు సాటిరావు. అలుపెరుగని యంత్రానికే విరామం కావాలని దాని నిర్మాతలు గుర్తించారు. అలసిపోయే మనిషికి, అందునా పదహారేళ్ల బిడ్డకు, కంటినిండా నిద్ర లేకుండా చేసే హక్కు తల్లిదండ్రులకు గాని, మా అధ్యాపకులకు గాని ఎక్కడిది?